విమానం భద్రమే, మరి విమానం దాకా?

ముందు నా మాట చెప్పేస్తాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి. విమానాశ్రయంలో మనకి చేసే తనిఖీల్లో కొన్ని ఇప్పటికీ కావాల్సినవే, వాటి జోలికి ఎవరూ పోకూడదు. ఇంకొన్ని మాత్రం ఎప్పుడో ఏదో జరిగిందని పెట్టి, అవసరం తీరిపోయినా తీసేసే ధైర్యం ఎవరికీ లేక నడిపిస్తున్నవి. వాటివల్ల పోయేదేముంది, ఓ గంట లైన్లో నిలబడితే అరిగిపోతామా అంటారు చాలామంది. మాలాంటి ఊళ్లవాళ్లకి పోయేది ఆ గంట ఒక్కటే కాదు. మిగతా ఖర్చు విమానాశ్రయం పద్దుల్లో ఎక్కడా రాయరు, అది అర్ధరాత్రి హైవే మీద పడుతుంది.

మాది కావలి. నెల్లూరు జిల్లాలో విమానాశ్రయం లేదు. దగదర్తిలో 2019 జనవరిలో శంకుస్థాపన చేశారు, ఇంకా విమానం ఎగరలేదు. హైదరాబాద్ పోవాలంటే రేణిగుంటో గన్నవరమో చూసుకోవచ్చు గానీ అమెరికా అన్నా గల్ఫ్ అన్నా మాకు చెన్నైయే. నెల్లూరు నుంచే అది దాదాపు 175 కిలోమీటర్లు, మా ఊరి నుంచి ఇంకో యాభై పైన కలుపుకోండి, ఒంగోలు వాళ్లకైతే మూడు వందల దాకా. దుబాయ్, దోహా మీదుగా వెళ్లే విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయల్దేరతాయి. నాలుగింటి విమానానికి ఒంటిగంటకి అక్కడుండాలి, అంటే రాత్రి ఏడున్నర, ఎనిమిదికి కారు ఎక్కినా సరిపోవాలి. కానీ మా ఊళ్లో ఎవరూ అలా బయల్దేరరు. లైన్ ఎంతుంటుందో తెలీదు, పెట్టె తెరిపిస్తారో లేదో తెలీదు, ఎందుకైనా మంచిదని సాయంత్రం ఐదింటికే సామాన్లు కారు మీద కట్టేస్తారు.

ఇక్కడిదాకా పెద్ద నష్టమేమీ లేదు. అసలు సంగతి తిరుగు ప్రయాణంలో ఉంది. పిల్లని లోపలికి పంపాక బంధువులు వెంటనే బయల్దేరరు. పెట్టె బరువు ఎక్కువైందని రెండు కిలోల వస్తువులు తీయిస్తారేమో, ఫలానాది ఒప్పుకోమని వెనక్కి పంపిస్తారేమో, అవి తీసుకోవడానికి అద్దాల అవతల ఒక మనిషైనా ఉండాలి. అందుకని "సెక్యూరిటీ అయిపోయింది నాన్నా, మీరు పోండి" అని ఫోన్ వచ్చేదాకా పార్కింగ్‌లోనే కాచుకుంటారు. ఆ ఫోన్ ఏ రెండింటికో వస్తుంది. అప్పుడు డ్రైవర్ని లేపి, పుళల్ దాకా బైపాస్ పట్టుకుని, తడ దాటి, సూళ్లూరుపేట, బూదనం, వెంకటాచలం టోల్ గేట్లు ఒక్కొక్కటే దాటుకుంటూ వస్తారు. లారీలు దీపాల్లేకుండా పక్కన ఆపి ఉంటాయి. కార్లో ఉన్నవాళ్లందరూ నిద్రపోతుంటారు, డ్రైవర్ ఒక్కడే నిద్ర ఆపుకుంటుంటాడు. అతనికి ముందురోజు పగలు ఇంకో ట్రిప్పు ఉందో లేదో ఎవరూ అడగరు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఇది కేంద్ర రవాణా శాఖ లెక్క. విమానంలో పోయినవాళ్ల లెక్కని దీని పక్కన పెట్టి చూడాల్సిన పని కూడా లేదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త గెర్డ్ గిగెరెంజర్ ఒక లెక్క వేశాడు: 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికన్లు విమానాలంటే భయపడి కార్లెక్కారు, ఆ తర్వాతి పన్నెండు నెలల్లో మామూలు కంటే సుమారు 1,500 మంది ఎక్కువగా రోడ్ల మీద చనిపోయారు. అది భయం వల్ల. తనిఖీల వల్ల కూడా ఇదే జరిగిందని కార్నెల్ విశ్వవిద్యాలయం ఆర్థికవేత్తలు చూపించారు, సామాన్ల తనిఖీ కొత్తగా పెట్టాక విమాన ప్రయాణికులు దాదాపు 6 శాతం తగ్గారట. తగ్గినవాళ్లలో కొందరైనా రోడ్డెక్కి ఉంటారు గదా.

మా సంగతి కొంచెం వేరే, నాకు తెలుసు. మేము విమానం మానేసి కార్లో అమెరికా పోలేం. రోడ్డు మాకు ఎలాగూ తప్పదు. కానీ ఆ రోడ్డు మీద ఎన్నింటికి ఉంటాం, ఎంత నిద్ర లేకుండా ఉంటాం అన్నది చాలావరకు అక్కడి లైన్ నిర్ణయిస్తోంది. లోపల ఎంతసేపు పడుతుందో ఖాయంగా తెలిస్తే మూడు నాలుగు గంటలు తగ్గుతాయి.

సరే, అన్నీ తీసేయమంటున్నానా? కాదు. చెన్నై నుంచి విమానం ఎక్కేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. 1984 ఆగస్టు 2 రాత్రి అదే మీనంబాక్కంలో బాంబు పేలి సుమారు ముప్పై మంది చనిపోయారు. కొలంబో వెళ్లే ఎయిర్ లంక విమానం కోసం ఒకడు సూట్‌కేసులు చెకిన్ చేసి తను ఎక్కలేదు. ఇంకెక్కడో పేలాల్సినవి ఇక్కడి విమానాశ్రయంలోనే పేలాయి. సరిగ్గా ఏడాది కూడా తిరగకుండా, 1985 జూన్ 23న, ఎయిరిండియా కనిష్క విమానం అట్లాంటిక్ మీద పేలిపోయింది, 329 మంది. అక్కడా అదే కథ, పెట్టె ఎక్కింది, పెట్టె తాలూకు మనిషి ఎక్కలేదు. అదే రోజు జపాన్‌లో నరిటా విమానాశ్రయంలో ఇంకో పెట్టె పేలి, సామాన్లు మోసే ఇద్దరు చనిపోయారు. మనిషి ఎక్కకపోతే అతని పెట్టె కూడా దించేయాలన్న నియమం ఇంతమంది ప్రాణాల మీద నిలబడింది. ఎవరో డ్యూటీ ఫ్రీలో తిరుగుతూ మర్చిపోతే విమానం ఆపి మరీ అతని పెట్టె వెతుకుతారు చూడండి, అప్పుడు లోపల కూర్చుని విసుక్కునేవాళ్లకి ఈ రెండు తేదీలు చెప్పాలనిపిస్తుంది నాకు.

అలాగే కాక్‌పిట్ తలుపు. 2001లో అమెరికా విమానాలు ఎత్తుకుపోయినవాళ్ల చేతుల్లో ఉన్నవి అట్టపెట్టెలు కోసే బ్లేడ్ల లాంటివి. వాళ్లకి దారిచ్చింది గట్టిగా తంతే తెరుచుకునే తలుపు, దాంతోపాటు హైజాకర్ చెప్పినట్టు వింటే ప్రాణాలు దక్కుతాయన్న పాత నమ్మకం. తలుపులు మార్చారు, నమ్మకం దానంతటదే పోయింది. ఆ ఏడాది డిసెంబరులో రిచర్డ్ రీడ్ అనేవాడు పారిస్ నుంచి మయామీ పోయే విమానంలో బూటులో పెట్టిన పేలుడు పదార్థానికి నిప్పంటించబోతే పట్టుకుని కట్టేసింది విమాన సిబ్బందీ, తోటి ప్రయాణికులే. 2009 క్రిస్మస్ రోజు డెట్రాయిట్ పోయే విమానంలో ఇంకొకడు బాంబు పేల్చబోయినప్పుడూ అంతే. 2001 తర్వాత విమానాలకి నిజంగా భద్రత పెంచినవి ఈ రెండే, గట్టి తలుపూ, ఎదురు తిరిగే ప్రయాణికులూ అని భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నియర్ ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. పూర్తిగా ఒప్పుకుంటానా అంటే, మన కనిష్క కథ తెలిసినవాణ్ణి కాబట్టి పెట్టెల నియమం కూడా అందులో కలుపుతాను. ఆ గట్టి తలుపు కూడా ఉత్త పుణ్యానికి రాలేదు. 2015 మార్చిలో జర్మన్‌వింగ్స్ విమానంలో కెప్టెన్ బయటికి వెళ్లగానే కో-పైలట్ లోపల గడియ వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండకి గుద్దేశాడు, 150 మంది పోయారు. భద్రత కోసం పెట్టిన ప్రతిదానికీ ఎక్కడో ఓ ఖర్చు ఉంటుంది. ఆ ప్రమాదం తర్వాత దాని మీద చర్చించారు, చాలా దేశాలు నియమాలు సవరించుకున్నాయి. మిగతావాటి మీద ఆ చర్చ ఎందుకు జరగదన్నదే నా గొడవ.

బూట్ల సంగతే చూడండి. రీడ్ పుణ్యమా అని అమెరికాలో 2006 నుంచి అందరి చేతా బూట్లు విప్పించారు. మిగతా దేశాల్లో అందరికీ విప్పించకుండానే విమానాలు బాగానే తిరిగాయి. చివరికి 2025 జులైలో ఆ నియమం ఎత్తేశారు. దాదాపు పంతొమ్మిదేళ్లు! అప్పట్లో నెల్లూరు పెద్దమ్మలు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు, వంగలేక ఆ దేశంలో ఎన్నిసార్లు గోడ పట్టుకుని నిలబడ్డారో.

ఇక మనందరికీ బాగా మంటపుట్టించే విషయం, 100 మిల్లీలీటర్లు. దీని పుట్టుక 2006 ఆగస్టు. కూల్‌డ్రింక్ సీసాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవం నింపి అట్లాంటిక్ దాటే విమానాలు పేల్చాలనుకున్న ముఠాని లండన్‌లో పట్టుకున్నారు. అది నిజమైన కుట్ర, కోర్టులో రుజువై శిక్షలు పడ్డాయి. అప్పటి ఎక్స్‌రే యంత్రానికి సీసాలో ఉన్నది నీళ్లో మందుగుండో తేడా తెలిసేది కాదు, కాబట్టి సీసానే చిన్నది చేశారు. అది తాత్కాలికంగా తెలివైన పనే. ఇప్పుడు ఆసుపత్రిలో సీటీ స్కాన్ తీసినట్టే బ్యాగుని అన్ని వైపుల నుంచీ చూసి, లోపల ఉన్న ద్రవం సాంద్రత కూడా లెక్కగట్టే యంత్రాలొచ్చాయి. 2025లో ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్ విమానాశ్రయాలు ఆ యంత్రాలతో రెండు లీటర్ల సీసాలు కూడా లోపలికి అనుమతించడం మొదలుపెట్టాయి. మధ్యలో తడబడ్డారు కూడా, 2024 సెప్టెంబరులో యూరప్ ఆ యంత్రాలు సరిగ్గా పట్టుకుంటున్నాయో లేదో అని సందేహం వచ్చి పాత పరిమితి మళ్లీ పెట్టింది. అది నాకు నచ్చిన విషయం. పరీక్షించి చూశారు, అనుమానమొస్తే ఆపారు, తేలాక మళ్లీ వదిలారు. నియమాన్ని దేవుడి మాటలా కాకుండా మనిషి పెట్టుకున్న ఏర్పాటులా చూశారు. మన దగ్గర దేశంలో తిరిగే విమానానికి సగం తాగిన నీళ్ల సీసా పట్టుకెళ్లినా నన్నెవరూ ఏమీ అనలేదు, అదే విమానాశ్రయంలో పక్క టెర్మినల్‌లో విదేశీ విమానానికైతే అది నేరం. నీళ్లకి పాస్‌పోర్టు ఉందేమో మరి!

ఆవకాయ సంగతి మాట్లాడకపోతే మా అక్క ఊరుకోదు. ఒక పెద్ద విమానాశ్రయంలో, పేరెందుకులే, ఆమె చేతి సంచిలో ఉన్న ఆవకాయ సీసా తీసి చెత్తబుట్టలో వేశారు. నూనె పైకి తేలుతుంది కాబట్టి అది ద్రవం కిందికే వస్తుందని వాదన. నియమం ప్రకారం వాళ్లది తప్పేమీ లేదు, చెకిన్ పెట్టెలో పెట్టుకోవాల్సింది. కానీ అది బాంబేమోనని నిజంగా అనుమానం ఉంటే వందలమంది నిలబడ్డ లైన్ పక్కన ప్లాస్టిక్ బుట్టలోకి అలా విసిరేస్తారా? విసిరినవాడికి కూడా తెలుసు అది ఆవకాయేనని.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సంగతి ఎండు కొబ్బరి. మన ఆడవాళ్లు కొబ్బరి కారం కోసమని ఎండు కొబ్బరి చిప్పలు పెట్టెలో సర్దేస్తారు, అక్కడ తీయించేసరికి "ఏందిరా ఈ చాదస్తం, కొబ్బరి కూడా బాంబేనా" అని మనం నవ్వుతాం. ఇది నవ్వాల్సిన నియమం కాదు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, గాలి ఆడని చోట తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం దానికుంది, అందుకే అంతర్జాతీయ రవాణా నియమాల్లో తనంతట తాను మండే వస్తువుల జాబితాలో దాన్ని పెట్టారు. పవర్ బ్యాంకు కూడా అంతే, చెకిన్ పెట్టెలో పెట్టొద్దని చెప్పేది ఊరికే కాదు. 2025 జనవరిలో కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం నేల మీద ఉండగానే కాలిపోయింది, పవర్ బ్యాంకే కారణమని అనుమానించారు. ఆ అక్టోబరు నుంచి ఎమిరేట్స్ విమానంలో పవర్ బ్యాంకు వాడకాన్నే ఆపేసింది. అసలు కొత్త ప్రమాదం ఇటువైపు ఉంది. కానీ కౌంటర్ దగ్గర ఎవరూ కారణం చెప్పరు, "అలౌడ్ కాదు మేడమ్" అంతే. ఆవకాయకీ అదే మాట, ఎండు కొబ్బరికీ అదే మాట. దాంతో జనం రెంటినీ ఒకే గాటన కట్టి, చీరల మడతల్లో దాచడం మొదలుపెడతారు.

మామూలు కొబ్బరికాయ కథ ఇంకా తమాషా. చేతి సామానులో కొబ్బరికాయ నిషేధం. 2024 అక్టోబరులో మన శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు గారు విమానయాన మంత్రిగా, అయ్యప్ప భక్తులు ఇరుముడిలో కొబ్బరికాయ పెట్టుకుని విమానం ఎక్కొచ్చని ప్రకటించారు. ఎక్స్‌రే, పేలుడు పదార్థాల ఆనవాళ్ల పరీక్ష, చేత్తో తనిఖీ, ఈ మూడూ అయ్యాక. గడువు 2025 జనవరి 20. చాలా మంచి పని, మా ఊరి స్వాములు సంతోషించారు. అయితే ఆ మూడు పరీక్షలూ డిసెంబరులో సరిపోయినప్పుడు జనవరి 21న ఎందుకు సరిపోవు? కాయ అదే, యంత్రమూ అదే.

బొమ్మ తుపాకీని మాత్రం నేను వెనకేసుకురాను. 1971లో శ్రీనగర్ నుంచి జమ్ము వెళ్లే విమానాన్ని లాహోర్‌కి మళ్లించింది బొమ్మ పిస్తోలు, చెక్క గ్రెనేడుతోనే. 1978 డిసెంబరులో భోలానాథ్ పాండే, దేవేంద్ర పాండే అనే ఇద్దరు బొమ్మ తుపాకీతోనూ క్రికెట్ బంతితోనూ లక్నో విమానాన్ని వారణాసికి తిప్పారు, ఆ తర్వాత ఎమ్మెల్యేలు కూడా అయ్యారు. అది వేరే కథ.

నాకు అన్నిటికంటే అర్థం కానిది టెర్మినల్ గుమ్మం దగ్గరి తనిఖీ. చాలా దేశాల్లో బయల్దేరే హాల్లోకి ఎవరైనా పోవచ్చు, మన దగ్గర టికెట్, గుర్తింపు కార్డు చూపిస్తేనే. దీనివల్ల జనం తగ్గరు, అద్దాల లోపలి నుంచి అద్దాల బయటికి మారతారంతే. 2011లో మాస్కో దొమొదేదవొ విమానాశ్రయంలో పేల్చింది రాకల హాల్లో, 2016లో బ్రసెల్స్‌లో పేల్చింది చెకిన్ లైన్ల దగ్గర. తనిఖీకి ముందు గుమిగూడిన జనమే వాళ్లకి కావాల్సింది. మనం ఆ గుంపుని ఇంకాస్త ముందుకి, రోడ్డు పక్కకి జరిపి భద్రత అనుకుంటున్నాం. ఒకప్పుడు డబ్బు కట్టి విజిటర్ టికెట్ కొంటే లోపలికి రానిచ్చేవాళ్లు కూడా. ఆ గుమ్మం లేకపోతే మా వాళ్లు కౌంటర్ దాకా వెళ్లి, పెట్టె బరువు చూసి, మిగిలింది చేతికి తీసుకుని అప్పుడే వెనక్కి తిరుగుతారు. రెండింటిదాకా పార్కింగ్‌లో కాచుకునే పని ఉండదు. డిజియాత్ర ఉంది గదా అంటారు, 2022 డిసెంబరులో మొదలైంది, ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. అది దేశంలో తిరిగే కుర్రాళ్లకి బాగుంది, సాగనంపడానికి వచ్చిన మామయ్యకి దాంతో పనేముంది?

ఇక చేత్తో ఒళ్లంతా తడమడం. మన దగ్గర డోర్‌ఫ్రేమ్ మెటల్ డిటెక్టర్ మోగినా మోగకపోయినా అందరినీ తడుముతారు. ఆడవాళ్లకి కర్టెన్ వేసిన గది వేరే ఉంటుంది కాబట్టి వాళ్ల లైన్ ఎప్పుడూ కదలదు. ఇది చేసేవాళ్ల మీద నాకు కోపం లేదు, రోజంతా నిలబడి అపరిచితుల ఒళ్లు తడమడం ఏమంత సుఖమైన ఉద్యోగం? నేననేది వాళ్ల శ్రద్ధ గురించే. ఎక్స్‌రే తెర ముందు మనిషి ఏకాగ్రత ఎంతోసేపు నిలవదు, యూరప్ నియమాల్లో ఒక మనిషి ఏకబిగిన తెర చూసే సమయం మామూలుగా 20 నిమిషాలు దాటకూడదని రాసుకున్నారు. 2015లో అమెరికాలో మారువేషంలో అధికారులే నకిలీ ఆయుధాలు, బాంబులతో పరీక్షిస్తే 70 సార్లలో 67 సార్లు లోపలికి వెళ్లిపోయాయి. అంత బూట్లు విప్పించే దేశంలో. మనిషి కన్ను, మనిషి చెయ్యి కొద్దిగానే దొరికే సరుకు. దాన్ని గోరు కత్తెర్ల మీదా, ఉదయగిరి చెక్క ఫోర్కుల మీదా ఖర్చు పెడితే అసలైనదానికి మిగలదు. మా స్నేహితుడి సంచిలో ఉదయగిరి ఫోర్కుల సెట్టు ఉంటే తెరిచి ఒక్కొక్కటి ఎత్తి చూశారట. లోపల విమానంలో ముందు వరుస సీట్లవాళ్లకి స్టీలు ఫోర్కులిచ్చారు.

ఇవన్నీ అంటే మా బావ ఒకటే మాట అంటాడు. "నువ్వు చెప్పినట్టే తీసేశారనుకో, ఒక్కటి తప్పిపోయి లోపలికి పోతే నువ్వు చెప్తావంటయ్యా సమాధానం?" ఈ ప్రశ్నకి ఎదురుగా నిలబడటం కష్టం, అధికారులకి ఇంకా కష్టం. 1999లో కాఠ్మాండూ నుంచి ఎక్కినవాళ్లు ఐసీ 814 విమానాన్ని కాందహార్ తీసుకుపోయాక మన దేశం ఎంత వణికిందో గుర్తుంది, ఆ తర్వాతే 2000 ఫిబ్రవరిలో జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాలు కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ చేతికి వచ్చాయి. అది అవసరమైన మార్పే. అయితే బావ ప్రశ్న ఒకవైపే అడుగుతుంది. నియమం తీసేసినవాణ్ణి నిలదీయొచ్చు, అతని పేరు ఫైల్లో ఉంటుంది. నియమం ఉంచినందువల్ల నాయుడుపేట దగ్గర తెల్లారుజామున కారు లారీ కిందికి దూరితే ఎవరిని నిలదీస్తాం? డ్రైవర్ కునుకు తీశాడని రాస్తారు, అంతే. అతను ఎందుకు మేలుకుని ఉన్నాడో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ రాయరు.

మన దగ్గరే ఒక నియమం తీసేసి చూశారు కూడా. చేతి సంచికి ట్యాగ్ కట్టి దాని మీద ముద్ర కొట్టడం గుర్తుందా, ముద్ర పడలేదని విమానం మెట్ల దగ్గర నుంచి వెనక్కి పరిగెత్తించేవాళ్లు. 2017 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా ఏడు పెద్ద విమానాశ్రయాల్లో అది ఎత్తేశారు, తర్వాత మిగతాచోట్లా. లోపల కెమెరాలు సరిగ్గా పెట్టుకున్నాక ఆ కాగితంతో పని లేకపోయింది. ఎవరికీ గుర్తు కూడా లేదు ఇప్పుడు. అదే పద్ధతిలో మిగతావాటినీ చూడమంటున్నాను: ప్రతి నియమానికీ ఒక గడువు పెట్టి, ఆ రోజు వచ్చేసరికి దీని అవసరం ఇంకా ఉందని ఎవరో ఒకరు రాసిచ్చి సంతకం పెడితేనే కొనసాగాలి.

మనం ఉచితంగా కూడా అడగడం లేదు. దేశంలో తిరిగే ప్రతి టికెట్‌లో భద్రత రుసుము కింద 200 రూపాయలు, విదేశీ ప్రయాణానికి 12 డాలర్లు 2021 నుంచి కడుతున్నాం. ఆ డబ్బుతో ముందు సీటీ యంత్రాలు పెట్టండి, ఆడవాళ్ల లైన్‌కి ఇంకో రెండు గదులు కట్టండి. ఏ టెర్మినల్‌లో ఏ గంటకి తనిఖీకి ఎన్ని నిమిషాలు పడుతోందో ఫోన్‌లో చూపించండి. ఈ చివరిది పెద్ద ఖర్చు కూడా కాదు, రైలు ఎక్కడుందో గూడూరు స్టేషన్లో నిలబడి ఫోన్‌లో చూసుకుంటున్నాం గదా. అది చూసుకుని మావాళ్లు సాయంత్రం ఐదింటికి కాకుండా ఏడున్నరకి బయల్దేరతారు, డ్రైవర్ మధ్యాహ్నం ఇంట్లో పడుకుని వస్తాడు. అప్పటిదాకా మా ఇంట్లో మాత్రం చెన్నై ట్రిప్పు అంటే ఇద్దరు డ్రైవర్లని మాట్లాడుకుంటున్నాం, రెండోవాడికి వెయ్యో పదిహేను వందలో పోనీ అని.